లాకర్‌లో దాక్కున్నా నేరుగా వచ్చి తలుపు తీస్తున్నాడు. ఇది వాల్‌హ్యాకేనా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | ఆదివారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, అందుకే అడుగుతున్నా.

మేం ఐదుగురం. ఇంజినీరింగ్ కలిసి చదువుకున్నాం. నేను కర్నూలు, ఒకడు ఆదోని, ఇద్దరు అనంతపురం, ఒకడు కడప. లాక్‌డౌన్ రోజుల నుంచి ప్రతి శనివారం రాత్రి డెడ్ బై డేలైట్ అనే హారర్ ఆటలో మాలో మేమే కస్టమ్ మ్యాచ్ పెట్టుకుంటాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: అందులో ఒకరు కిల్లర్, నలుగురు సర్వైవర్లు. సర్వైవర్లు 5 జనరేటర్లు బాగుచేసి, గేటు తెరుచుకుని పారిపోవాలి. కిల్లర్ వాళ్ళని పట్టుకుని కొక్కేనికి వేలాడదీస్తాడు. నాకు అందులో ఇష్టమైంది దాక్కోవడమే. చిన్నప్పుడు బుధవారపేటలో మా మామ వాళ్ళింట్లో బీరువా వెనక నక్కి ఊపిరి బిగపట్టినప్పుడు ఎలా ఉండేదో, హెడ్‌సెట్ పెట్టుకుంటే మళ్ళీ అలాగే ఉంటుంది.

నెల రోజులుగా మాలో ఒకడు కిల్లర్ అయితే చాలు, ఆట ఆటలా ఉండటం లేదు. నిన్న మూడుసార్లు లాకర్‌లో దాక్కున్నా. మూడుసార్లూ పక్క లాకర్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా నా లాకర్ తలుపే తీశాడు. నాకు గాయం లేదు. పరుగెత్తి కూడా రాలేదు, నడిచే వచ్చా. తర్వాత వాడు వాయిస్‌లోకి వచ్చి "లక్ రా" అన్నాడు. పదకొండేళ్ళ స్నేహం. ఏమీ అనలేక హెడ్‌సెట్ తీసేశాను.

వాల్‌హ్యాక్ అంటే గోడల్లోంచి చూపించే దొంగ ప్రోగ్రామ్ అని వినడమే గానీ అది ఎలా పనిచేస్తుందో తెలియదు. ఎలా నిర్ధారించుకోవాలో చెప్పండి. వాడి పేరు మాత్రం రాయను.

ఉగ్గాని_బజ్జి (ఆదోని) | ఆదివారం, 11:48

ఇందులో నిర్ధారించుకోవడానికి ఏముంది బ్రో. మూడు లాకర్లు మూడుసార్లూ కరెక్ట్‌గా తీశాడంటే వాల్‌హ్యాకే. గ్రూపులోంచి తీసెయ్యండి. ముక్కూమొహం తెలియనివాడు చేస్తే రిపోర్ట్ కొట్టి మర్చిపోతాం. మనవాడే చేస్తే ఇంకా ఎక్కువ బాధ.

ఏడురోడ్లు (కడప) | ఆదివారం, 12:30

అబ్బీ, తొందరపడొద్దు. 2003 నుంచి 2009 దాకా కడపలో నెట్ సెంటర్ నడిపినవాణ్ణి. పన్నెండు సిస్టమ్‌లు, రాత్రి అయితే కౌంటర్ స్ట్రైక్ కోసం పిల్లలు క్యూలో ఉండేవాళ్ళు. "వాల్ వేశాడు" అని గొడవ పడని వారం లేదు. నేను వెనకాల నిలబడి చూసేవాణ్ణి. పదింట్లో ఎనిమిదిసార్లు ఆ పిల్లోడు పక్కసీటు మానిటర్‌లోకి తొంగిచూసేవాడు, లేదంటే నిజంగానే బాగా ఆడేవాడు. మిగిలిన రెండుసార్లు మాత్రం నిజంగా హ్యాకే.

ఇది ఈనాటి జబ్బు కాదు. 2001లో ఆసుస్ కంపెనీ తన గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌లోనే గోడలు పారదర్శకంగా కనిపించే సదుపాయం పెట్టింది. అంటే దొంగ ప్రోగ్రామ్ కాదు, కంపెనీ ఇచ్చిందే. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళంతా అప్పుడు పెద్ద గొడవ చేశారు. మరుసటి ఏడాది 2002లో కౌంటర్ స్ట్రైక్ కంపెనీ వాల్వ్ వాళ్ళు తమ ఆటలకి యాంటీచీట్, అంటే హ్యాక్‌లని పట్టే ప్రోగ్రామ్, తెచ్చారు. అప్పటినుంచి ఈ దొంగాపోలీసూ నడుస్తూనే ఉంది.

టవర్‌క్లాక్_అనంత (అనంతపురం) | ఆదివారం, మధ్యాహ్నం 2:05

గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్ నా ఉద్యోగం కాబట్టి ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఎలా తయారు చేయాలో మాత్రం చెప్పను.

గోడ వెనక మనిషి నిలబడి ఉన్నాడనుకోండి. అతను మీకు కనిపించకపోయినా, అతను ఎక్కడున్నాడన్న వివరం చాలా ఆటల్లో మీ కంప్యూటర్‌కి ముందే వచ్చేసి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు స్క్రీన్ మీద ప్రతి చుక్కకీ "ఇక్కడ కనిపించే వస్తువు ఎంత లోతులో ఉంది" అని ఒక లెక్క రాసుకుంటుంది. గోడ దగ్గరగా, మనిషి దూరంగా ఉంటే గోడనే గీస్తుంది. పాత వాల్‌హ్యాక్ ఈ లోతు పరీక్షను మనుషుల విషయంలో ఆపేస్తుంది. అప్పుడు గోడ మీదే మనిషి ఆకారం ఎర్రగానో పచ్చగానో తేలుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఇంకో రకం. అది ఆట మెమరీలోంచి ప్రతివాడి స్థానం చదివి, ఆట పైన ఒక పొర వేసి డబ్బాలు, పేర్లు, దూరాలు గీస్తుంది. దాన్ని ఈఎస్‌పీ అంటారు.

మరి సర్వర్ ఆ వివరం పంపడమెందుకు? 2020లో వచ్చిన వాలరెంట్‌లో సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకుని, శత్రువు కనపడబోయే క్షణం దాకా అతని స్థానం పంపకుండా ఆపే పద్ధతి పెట్టారు. కానీ హారర్ ఆటకి అది అంత సులువు కాదు. ఒకటి, ఇక్కడ చెవులే కళ్ళు. అడుగుల చప్పుడు, మూలుగు, ఊపిరి ఎటునుంచి వస్తున్నాయో వినిపించాలంటే మనిషి ఎక్కడున్నాడో మీ సిస్టమ్‌కి తెలియాలి. రెండు, సర్వైవర్ కెమెరా అతని వీపు వెనక ఉంటుంది కాబట్టి మూల తిరగకుండానే మూల అవతల చూడగలడు. అందువల్ల ఎవరు ఎవరికి "కనిపిస్తున్నారు" అన్న లెక్కే చిక్కుపడుతుంది. మూడోది పింగ్, అంటే నెట్‌లో కబురు వచ్చిపోయే ఆలస్యం. కిల్లర్లు ఎక్కువమంది సెకనుకి 4.6 మీటర్లు నడుస్తారు, సర్వైవర్ 4 మీటర్లు పరుగెడతాడు. 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే కిల్లర్ దాదాపు అర మీటరు ముందుకొచ్చేస్తాడు. స్థానం చివరి క్షణం దాకా దాచిపెడితే మూలమీద గాలిలోంచి ఊడిపడినట్టు కనిపిస్తాడు. కాబట్టి కొంత ముందే పంపక తప్పదు. ఆ "ముందే" అన్నదే దొంగకి దారి.

అయితే ఆటే గోడల వెనక చూపించే సందర్భాలు ఉన్నాయి. ఆరా అంటారు కదా. కిల్లర్‌కి జనరేటర్లు మొదటినుంచీ గోడల్లోంచి కనిపిస్తాయి. కొన్ని పెర్కులు (ఆటకి ముందు ఎంచుకునే ప్రత్యేక శక్తులు) వేసుకుంటే ఒకరిని కొక్కేనికి వేశాక దూరంగా ఉన్నవాళ్ళు కొన్ని క్షణాలు కనిపిస్తారు, చికిత్స చేసుకుంటున్నవాళ్ళు కనిపిస్తారు. 2017లో వచ్చిన ఫ్రైడే ద 13త్ ఆటలో కూడా కిల్లర్‌కి ఇలాంటి శక్తి ఉండేది. మన డెడ్ బై డేలైట్‌లో అయితే పరుగెత్తితే దారిలో గీతలు పడతాయి, గాయపడితే రక్తం, మూలుగు, దగ్గరికెళ్తే కాకులు లేస్తాయి. ఇవన్నీ చదవగలిగేవాణ్ణి చూస్తే మనకి వాల్‌హ్యాక్‌లాగే అనిపిస్తుంది.

కానీ హంద్రీ గారూ, మీ కేసులో ఒక్కటి నన్ను ఆలోచింపజేసింది. లాకర్‌లో ఉన్నవాడి ఆరా కిల్లర్‌కి కనిపించదు. కాబట్టి పెర్కు వల్ల అనుకోవడానికి లేదు. మీ దగ్గర వీడియో ఉందా?

పినాకిని (తాడిపత్రి) | ఆదివారం, సాయంత్రం 4:40

నేను ఎదుర్కొన్నది చెప్తాను, ఇంకో వైపు నుంచి.

నాకు ఎడమ చెవి అస్సలు వినపడదు, చిన్నప్పటి జ్వరం వల్ల. కిల్లర్ దగ్గరికి వచ్చే కొద్దీ గుండె చప్పుడు వినిపిస్తుంది కదా, ఎక్కువమంది కిల్లర్లకి 32 మీటర్ల లోపల మొదలవుతుంది. ఆ చప్పుడుని స్క్రీన్ మీద గుండె బొమ్మగా చూపే సదుపాయం ఆట సెట్టింగుల్లోనే ఉంది. నేను అది పెట్టుకుంటాను. ఒకసారి తెలియని వాళ్ళతో ఆడుతుంటే నా స్క్రీన్ చూసిన ఒకతను "హ్యాక్ వాడుతోంది" అని అందరిలో రాశాడు. ఆ మ్యాచ్ అయ్యాక చాలాసేపు ఏడ్చాను. మీకు రెండు చెవుల్లో వినిపించేదే నాకు బొమ్మగా కనిపిస్తుంది, అంతకు మించి ఒక్క ముక్క కూడా కాదు. ఆ గుండె చప్పుడు కిల్లర్ ఎటువైపు ఉన్నాడో మీకూ చెప్పదు, నాకూ చెప్పదు. వాల్‌హ్యాక్ చెప్పేది ఎవ్వరికీ తెలియకూడని సంగతి. నా మట్టుకు తేడా అక్కడే ఉంది.

కాబట్టి తమ్ముడూ, మీ స్నేహితుణ్ణి నలుగురిలో అడగొద్దు. అడిగితే విడిగా అడగండి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | ఆదివారం, రాత్రి 7:15

అక్కా, మీరు రాసింది చదివి మనసంతా ఎలాగో అయింది. అలాగే చేస్తాను.

వీడియో ఉందన్నా. నా వైపు నుంచి రికార్డ్ చేసింది, 31 నిమిషాలు. లింకు మీకు విడిగా పంపుతున్నా, వాడి పేరు అందులో కనపడుతుంది కాబట్టి ఇక్కడ పెట్టలేను.

వేదిక నిర్వాహకులు | ఆదివారం, రాత్రి 7:40

ఈ చర్చలో ఎవరి ఐడీలూ పెట్టవద్దు. హ్యాక్ దొరికే సైట్ల పేర్లు అడిగిన రెండు పోస్టులు తీసేశాం.

ప్రొద్దుటూరు_చీకటి (ప్రొద్దుటూరు) | ఆదివారం, రాత్రి 11:55

నేను వాడాను.

ఈ ఆటలో కాదు గానీ ఇలాంటిదే, దాక్కునే ఆటలో. రెండేళ్ళ క్రితం, డిగ్రీ ఫైనల్‌లో. రోజూ ఓడిపోతుంటే విసుగొచ్చి, ఒక వీడియో కింద లింకు చూసి వేసుకున్నా. యాంటీవైరస్ ఆపేయమని అందులోనే రాసి ఉంది. ఆపేశా.

మొదటి రాత్రి అందరూ దొరికారు. చీకట్లో, పొగమంచులో ఎక్కడ నక్కినా నాకు ఎర్రటి బొమ్మలే. రెండో రోజు కూడా సంతోషంగానే ఉంది. మూడో రోజు గమనించా, భయం పోయింది. సర్వైవర్‌గా ఆడుతున్నప్పుడు గుండె చప్పుడు మొదలైతే ఇదివరకు నా చేతులు చల్లబడేవి. ఇప్పుడు కిల్లర్ పాతిక మీటర్ల దూరంలో ఎడమవైపు నడుస్తున్నట్టు నాకు కనిపిస్తూనే ఉంది కదా, ఆ చప్పుడు ఫ్యాన్ శబ్దంలా అయిపోయింది. హ్యాక్ తీసేసి ఆడితే భయం తిరిగొస్తుంది అనుకున్నా. అదీ రాలేదు. చూపు పోయినవాడిలా తడుముకున్నాను. అంతే, మళ్ళీ ఆన్ చేశా.

నాలుగో రోజు నా మెయిల్ పాస్‌వర్డ్ మారిపోయింది. దాంతోపాటు గేమ్ అకౌంట్, నా పాత ఫోటోలు. మా చెల్లి కాలేజీ ఫీజు కోసం బ్యాంకుకి సంబంధించినవి ఆ మెయిల్‌లోనే ఉన్నాయి. డబ్బు పోలేదు గానీ పది రోజులు ఇంట్లో టెన్షన్. నాన్నకి కారణం ఇప్పటికీ చెప్పలేదు. ఫ్రీగా దొరికే హ్యాక్ వెనక చాలాసార్లు పాస్‌వర్డ్‌లు దోచే ప్రోగ్రామ్ ఉంటుందని తర్వాత తెలిసింది.

హంద్రీ అన్నా, మీ స్నేహితుడు నిజంగా వాడుతుంటే, గెలుస్తున్నాడనే మాట అటుంచి, వాడి కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. ముందు అది చెప్పండి.

పినాకిని (తాడిపత్రి) | సోమవారం, ఉదయం 8:10

ప్రొద్దుటూరు తమ్ముడూ, ఇది రాయడానికి ధైర్యం కావాలి. భయం పోయిందని మీరన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఊరికి బెలూం గుహలు దగ్గర. చిన్నప్పుడు స్కూలు పిల్లలతో వెళ్తే లోపల ఉన్నప్పుడు కరెంటు పోయింది. అర నిమిషమో నిమిషమో. పక్కన ఉన్న అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఆ అమ్మాయి ఎవరో కూడా తెలియదు. ఇరవై ఏళ్ళయినా నాకు బెలూం అంటే గుర్తొచ్చేది ఆ లైట్లూ కాదు, రాళ్ళూ కాదు, ఆ చెయ్యి. హారర్ ఆట కొనుక్కునేది ఆ అర నిమిషం కోసమే కదా.

కొండారెడ్డి_నీడ (కర్నూలు) | సోమవారం, 10:25

ఒక సందేహం. నా గది పడమటి వైపు, మధ్యాహ్నం ఎండ స్క్రీన్ మీద పడుతుంది. చీకటి మ్యాప్ ఏమీ కనపడక మానిటర్‌లో బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచుతా. ఫిల్టర్ ప్రోగ్రామ్‌తో నీడల్ని తెల్లగా చేసేవాళ్ళూ ఉన్నారు. ఇదీ చీటింగేనా? ఇంకోటి, ఫాస్మోఫోబియా లాంటివాటిలో నలుగురం ఒకే జట్టు, ఎదురుగా ఉండేది దెయ్యం. అక్కడ వాల్‌హ్యాక్ వేస్తే నష్టం ఎవరికి?

ఏడురోడ్లు (కడప) | సోమవారం, 1:10

మానిటర్ బటన్ నీ ఇష్టం అబ్బీ, అది ప్రతివాడి దగ్గరా ఉంది. నీడల్ని చెరిపేసే ఫిల్టర్ అయితే నాకు నచ్చదు. చీకటిని తీసేశాక అక్కడ దాక్కున్నవాడు నడిరోడ్డు మీద నిలబడ్డట్టే. ఇక దెయ్యం ఎక్కడుందో నీకొక్కడికే తెలిసి, మిగతా ముగ్గురూ గది గదికీ వణుకుతూ తిరుగుతుంటే, వాళ్ళతో నువ్వు ఆడుతున్నట్టా? వాళ్ళని చూస్తూ కూర్చున్నట్టా? నాకైతే అదీ తప్పే.

టవర్‌క్లాక్_అనంత (అనంతపురం) | మంగళవారం, రాత్రి 9:30

హంద్రీ గారి వీడియో మూడుసార్లు చూశాను. ఆయన అనుమతితో రాస్తున్నా.

ఇది వాల్‌హ్యాక్ కాదు.

లాకర్ల దగ్గర చూస్తే వాల్‌హ్యాక్ లాగే ఉంది. కానీ 14:05 దగ్గర ఆపి చూడండి. మీరూ, మీ కడప స్నేహితుడూ విరిగిన గోడ వెనక కూర్చున్నారు. 14:10కి ఇద్దరూ వంగి నడుచుకుంటూ కుడివైపు రాళ్ళ గుట్ట వెనక్కి మారారు, నాలుగైదు మీటర్లు. వంగి నడిచారు కాబట్టి గీతలు పడలేదు. 14:19కి కిల్లర్ వచ్చాడు. ఎక్కడికి? ఖాళీ గోడ దగ్గరికి. గోడ వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేకపోతే ఆగిపోయాడు. 14:24కి ఒక్కసారిగా రాళ్ళ గుట్ట వైపు తిరిగాడు.

గోడల్లోంచి చూడగలిగేవాడు ఖాళీ గోడ దగ్గరికి రాడు. వాల్‌హ్యాక్ ఈ క్షణం ఎక్కడున్నారో చూపిస్తుంది. ఇతనికి మాత్రం సుమారు పది సెకన్ల కిందటి సంగతి అందుతోంది. 22వ నిమిషంలోనూ ఇంతే. మీరు లాకర్‌లో కదలకుండా అరనిమిషం ఉంటారు కాబట్టి పది సెకన్ల పాత కబురైనా సరిపోతుంది. అందుకే లాకర్ల దగ్గర ఎప్పుడూ గురి తప్పలేదు.

ఇంకొకటి. మీరు దొరికిన ప్రతిసారీ ఆ కడప స్నేహితుడు మీ దగ్గర్లో ఉన్నాడు. అతను లేకుండా మీరు ఒంటరిగా దాక్కున్న రెండుసార్లూ కిల్లర్ మీ పక్కనుంచే వెళ్ళిపోయాడు.

అతను లైవ్ ఏమైనా పెడతాడా?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | మంగళవారం, రాత్రి 9:52

పెడతాడన్నా. వాళ్ళ బావమరిది కువైట్‌లో పనిచేస్తాడు. ఇదివరకు మాతో ఆడేవాడు, ఇప్పుడు అక్కడ సిస్టమ్ లేదు. వాడు చూడటానికని నెల రోజుల నుంచి యూట్యూబ్ లైవ్ పెడుతున్నాడు. లింకు వాట్సాప్ గ్రూపులోనే పెడతాడు. గ్రూపులో మేం ఐదుగురమూ ఉన్నాం.

నెల రోజులు. ఇప్పుడే లెక్క కుదిరింది.

ఏడురోడ్లు (కడప) | మంగళవారం, 10:05

పక్కసీటు మానిటర్.

ఉగ్గాని_బజ్జి (ఆదోని) | మంగళవారం, 10:20

గ్రూపులోంచి తీసెయ్యమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇది హ్యాక్ కాదని వదిలేయాలా? ప్రోగ్రామ్ లేకపోతే తప్పు లేనట్టా?

టవర్‌క్లాక్_అనంత (అనంతపురం) | మంగళవారం, 10:41

తప్పే. ఇలా ఎదుటివాళ్ళ లైవ్ చూస్తూ ఆడటానికి స్ట్రీమ్ స్నైపింగ్ అని పేరు కూడా ఉంది. యాంటీచీట్‌కి ఇది దొరకదు. డెడ్ బై డేలైట్‌లో ఉండే ఈజీ యాంటీచీట్ లాంటివి కంప్యూటర్ లోపల ఏం నడుస్తోందో చూస్తాయి. కుర్చీ పక్కన ఫోన్‌లో ఏం నడుస్తోందో వాటికి కనపడదు. ఒక్క తేడా ఉంది. హ్యాక్ వేసుకునేవాడు వెతికి, దించుకుని, యాంటీవైరస్ ఆపి, తెలిసి చేస్తాడు. ఇతని ముందుకి లింకే వచ్చింది.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | గురువారం, రాత్రి 11:30

ఈరోజు వాడికి ఫోన్ చేశాను. "లైవ్ చూస్తున్నావా?" అని మాత్రమే అడిగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మొదటిసారి లింకు నొక్కితే ఓపెన్ అయింది రా, అలా అలవాటైపోయింది, హ్యాక్ కాదు కదా అనుకున్నా" అన్నాడు. వాడికి జనవరిలో ఉద్యోగం పోయింది. శనివారం ఒక్కరోజైనా గెలవాలనిపించేదట. ఆ సంగతి మా నలుగురిలో ఎవ్వరికీ చెప్పలేదు.

నేను గంటసేపు మాట్లాడాను, ఎక్కువగా ఉద్యోగం గురించే. నాకు కోపం పూర్తిగా పోలేదు, అదీ వాడికి చెప్పాను. మిగతా ముగ్గురికీ వాడే ఫోన్ చేసి చెప్తానన్నాడు. కువైట్ బావమరిది కోసం ఇక లైవ్ కాకుండా రికార్డ్ చేసి ఆదివారం పొద్దున పంపాలని అనుకున్నాం.

పినాకిని (తాడిపత్రి) | శుక్రవారం, 7:20

విడిగా అడిగినందుకు సంతోషం తమ్ముడూ. ఉద్యోగం విషయంలో అనంతపురంలో నాకు తెలిసిన వాళ్ళున్నారు, కావాలంటే నాకు మెసేజ్ పెట్టమనండి.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు) | ఆదివారం, రాత్రి 1:15

ఇప్పుడే ఆట అయింది. వాడే కిల్లర్. చివరి జనరేటర్ దగ్గర ముగ్గురినీ పట్టేశాడు, నేనొక్కణ్ణే మిగిలాను. రెండు లాకర్లు పక్కపక్కన ఉంటే కుడివైపు దాంట్లో దూరాను. గుండె చప్పుడు పెరిగింది. అడుగులు వచ్చి ముందర ఆగాయి. ఎడమ లాకర్ తలుపు తెరిచి, మూశాడు. నా అరచేతులు చల్లబడ్డాయి, మౌస్ జారిపోతోంది. కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత అడుగులు మెట్లవైపు వెళ్ళిపోయాయి.